మూడో కాగితం

చింతపల్లి,
6 జులై 2025, ఆదివారం.

మామయ్యగారికి ప్రశాంతి వందనాలు.

కవరు మీద నా దస్తూరీ చూసి మీరేమనుకుంటారో తెలియదు. మూడేళ్ళుగా ఒక్క ముక్క రాయలేదు. ఫోను చేద్దామంటే, మీకు చెవుడు బాగా ముదిరిందని, ఎవరు మాట్లాడినా "ఆయ్, అలాగేనండీ" అని పెట్టేస్తున్నారని మన పక్కింటి అనిత చెప్పింది. అత్తయ్యగారు తీస్తే నా గొంతు వినగానే పెట్టేస్తారు. అందుకే ఉత్తరం.

ఇక్కడ ఆడపిల్లల గురుకుల పాఠశాలలో సోషల్ చెబుతున్నాను. కిందటి నెల వానలు పడగానే హాస్టల్ పిల్లలు ఒడినిండా పుట్టగొడుగులు ఏరుకొచ్చారు. చూడగానే నాకు ఒళ్ళు తెలియలేదు. అన్నీ లాక్కుని బురదలో పోసి కాలితో తొక్కేశాను. "మా అవ్వకి తెలుసు మేడమ్, ఏవి తినాలో" అని ఒక పిల్ల ఏడ్చింది. ఆ మాట నన్ను వదల్లేదు. వాళ్ళ అవ్వకి తెలిసింది మనకెందుకు తెలియలేదు?

హరిబాబు గారని ఇక్కడ రిటైరైన బోటనీ లెక్చరరు ఒకాయన ఉన్నారు. వానాకాలంలో ప్రతి ఆదివారం పదిమందిని వెంటేసుకుని అడవిలోకి వెళతారు, పుట్టగొడుగులు తినడానికి కాదు, గుర్తుపట్టడానికి. బుట్ట, చాకు, భూతద్దం, బొమ్మల పుస్తకం, అంతే సరంజామా. తెచ్చినవన్నీ బరకం మీద పరిచి ఒక్కోదాని పేరూ తేలుస్తారు. తేలనివాటి దగ్గర తేలలేదనే రాసుకుంటారు. నన్నూ రమ్మన్నారు. రానన్నాను. మూడో ఆదివారం వెళ్ళాను.

మొదటిరోజు నేర్పింది ఒక్కటే. తుంచకూడదు, తవ్వి తియ్యాలి. ఆనవాళ్ళలో సగం మట్టిలోనే ఉంటాయట. మనమేమో ఎప్పుడూ పైపైన తుంచుకునేవాళ్ళం కదండీ.

ఇక మిమ్మల్ని అడగదలచుకున్నది. మూడేళ్ళ కిందటి ఆ ఆగస్టు ఆదివారం పుట్టగొడుగుల బుట్ట నింపింది ఇద్దరం. నేను పశువుల పాక వెనక కొబ్బరి గట్టు మీది పుట్ట దగ్గర కోశాను. అత్తయ్యగారు లంకచేను మొదట్లో ఉన్న తన పుట్ట దగ్గర కోశారు. ఎవరి పుట్ట ఎక్కడో పైకి చెబితే మరుసటేడు మొలవదని మన ఇంట్లో నమ్మకం. అయినా నేను కాపురానికొచ్చిన ఏడాదే ఆవిడ తన పుట్ట నాకు చూపించారు. కన్నకొడుక్కి చూపించలేదు, నాకు చూపించారు.

ఒకే బుట్ట, ఒకే కూర. నలుగురం తిన్నాం, నలుగురికీ వాంతులు పట్టుకున్నాయి. కిడ్నీలు ముందే అంతంతమాత్రంగా ఉన్న మీ అబ్బాయి ఒక్కరే తట్టుకోలేకపోయారు. రేవులో వరద, ఏరు దాటించే పంటు ఆపేశారు, ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి పడవ దొరికేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అందరూ సమాధిలో పిడికెడు మట్టి వేస్తున్నప్పుడు అత్తయ్యగారు నా మణికట్టు పట్టుకుని "ఆ చేత్తో వెయ్యకు" అన్నారు. నేను వెయ్యలేదు.

నా చెయ్యా, ఆవిడ చెయ్యా, ఇది నాకు తెలియాలి. ఇప్పుడు వానలే కదా, ఆ రెండు చోట్లా మళ్ళీ మొలిచే ఉంటాయి. దయచేసి తవ్వి చూడండి. ఏం చూడాలో నేను రాస్తాను.

మీ కోడలు,
ప్రశాంతి


లంక, రాజోలు దగ్గర,
16 జులై 2025.

అమ్మాయి ప్రశాంతికి మామయ్య దేవసహాయం దీవెనలు.

ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివేను. హెడ్మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది, మొదటిసారి చదివినప్పుడే రెండు ఒత్తులు దిద్దేను. ఆ తర్వాత కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఇకమీదట ఇంటి అడ్రసుకి రాయకు. పోస్టాఫీసుకే రాయి. పోస్టుమాస్టరు వీరవెంకటరమణ నా శిష్యుడే, ఏడో తరగతిలో నేను బెంచీ ఎక్కించేను. ఇప్పుడు నా ఉత్తరం నాకివ్వడానికి నన్ను కిటికీ దగ్గర పావుగంట నిలబెట్టి కసి తీర్చుకుంటున్నాడు. తీర్చుకోనీ.

చెవుల సంగతి నిజమే. మీ అత్తయ్య నాకు చెప్పాల్సినవి పలక మీద రాసి చూపిస్తోంది. నలభై ఏళ్ళు బడిలో పలకలు దిద్దినవాడికి ఇంట్లో ఈ శిక్ష. "అన్నం", "మాత్ర", "స్నానం", రోజుకి ఈ మూడు మాటలే. సాయంత్రమయ్యేసరికి వాడి సమాధి దగ్గరకు పోతుంది. చుట్టూ గడ్డి పీకుతుంది, వానకి మొలిచిన తెల్ల గొడుగులుంటే చీపురుతో ఊడ్చి గోడ అవతల పోస్తుంది. చీకటి పడకుండా వస్తుంది, పడుకుంటుంది.

అలాంటి మనిషి దగ్గరకు వెళ్ళి, నీ చేత్తోనే నీ కొడుకుని పోగొట్టుకున్నావని రుజువు చూపించడానికా నువ్వు అడవులు పట్టి తిరుగుతున్నది? నువ్వు అలాంటి పిల్లవి కాదనుకున్నాను.

ఇంకో మాట. పుట్టగొడుగుల వల్లే అని ఎవరు తేల్చేరు? మా అమ్మకి మిషన్ ఆస్పత్రి దొరసాని ఇచ్చిన వెండి చెంచా నీకు తెలుసు. డెబ్భై ఏళ్ళుగా ఏటా గొడుగుల కూర ఉడుకుతుంటే ఆ చెంచా వేసి తిప్పుతున్నాం. విషముంటే వెండి నల్లబడాలి. ఆ రోజూ నేనే తిప్పేను. తళతళలాడుతూ పైకొచ్చింది. అందరికీ చూపించి, ప్రార్థన చేసి, తినండి అన్నాను. కూరలో ఏమీ లేదు. వరద నీళ్ళు తాగేం, ఆ నీళ్ళలోనే ఏదో ఉంది. అలాగే అనుకో. అలా అనుకోవడం అందరికీ మంచిది.

ఒళ్ళు జాగ్రత్త. అక్కడ చలి అంటారు, స్వెట్టరు ఉందా?

మామయ్య


చింతపల్లి,
24 జులై 2025.

మామయ్యగారికి వందనాలు.

స్వెట్టరు ఉందండీ. పెళ్ళికి ముందు మీ అబ్బాయి కొనిచ్చిందే.

అత్తయ్యగారి మీద నేరం మోపడానికి నేర్చుకుంటున్నాననుకున్నారా? నేనే అని తేలినా నాకు ఫర్వాలేదు. తేలకపోవడమే తినేస్తోంది. బోర్డు మీద రాస్తున్నప్పుడు నా చెయ్యి నాకే కనిపిస్తుంది, ఈ చెయ్యేనా అనుకుంటాను. సుద్దముక్క కింద పెట్టేసి పిల్లల్ని చదువుకోమంటాను. ఆవిడా రోజూ తన చెయ్యి చూసుకుంటూనే ఉంటారు. పైకి నా పేరు చెప్పినా లోపల ఆవిడకీ అనుమానం లేకపోలేదు. లేకపోతే ఆ పుట్ట దగ్గరకు వెళ్ళడం ఎందుకు మానేస్తారు? అనిత చెప్పింది.

చెంచా గురించి హరిబాబు గారిని అడిగాను. వెండి నల్లబడేది గంధకం తగిలితేనటండీ. ఉడికిన కోడిగుడ్డులో పెట్టినా నల్లబడుతుంది. పుట్టగొడుగు విషానికి, వెండికి ఏ సంబంధమూ లేదు. బియ్యం రంగు మారడం, వెల్లుల్లి నల్లబడటం, పురుగు తింటే మనమూ తినొచ్చనుకోవడం, ఇవన్నీ ఒక్కో ఊళ్ళో ఒక్కో నమ్మకమట, అన్నీ తప్పేనట. తప్పు చెంచాది కాదు, నమ్మిన మనది.

పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, ఒక్క గుర్తుని నమ్మి ఏదీ తినకూడదని. గొడుగు చూడాలి, కింద రేకులు చూడాలి, కాడ మీద ఉంగరం ఉందా చూడాలి, అడుగున ఏముందో తవ్వి చూడాలి, ఏ నేలలో మొలిచిందో రాసుకోవాలి. ఆఖరున పొడి అచ్చు తియ్యాలి. ఇది మీరూ చెయ్యగలరు. విచ్చుకున్న గొడుగుని కాడ కోసేసి, రేకుల వైపు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూతపెట్టి, పొద్దుటిదాకా కదపకండి. గొడుగు తీస్తే రేకుల్లోంచి రాలిన పొడి కాగితం మీద ముగ్గులా ఉంటుంది. ఆ పొడి రంగు అబద్ధమాడదట. మన పుట్ట మీద మొలిచే మంచివైతే లేత గులాబీ. వాటిలాగే తెల్లగా ఉండి మోసం చేసేది ఒకటుంది, దానిది పాచి రంగు, మాసిన ఆకుపచ్చ. లేతగా ఉన్నప్పుడు రెండిటికీ తేడా కనిపెట్టడం కొత్తవాళ్ళకి కష్టమట.

రెండు కాగితాలు. ఒకటి నా గట్టుది, ఒకటి ఆవిడ పుట్టది. అంతకన్న ఏమీ అడగను.

ప్రశాంతి


లంక,
5 ఆగస్టు 2025.

అమ్మాయి ప్రశాంతికి,

మా అమ్మ చెంచాని అబద్ధాలకోరుని చేసేవు. కోపం వచ్చింది. కోపంలో ఒక పని చేసేను. మీ అత్తయ్య ప్రార్థన కూడికకి వెళ్ళినప్పుడు కోడిగుడ్డు ఉడకబెట్టి, చితిపి, చెంచా అందులో గుచ్చి గంటసేపు ఎదురుగా కూర్చున్నాను. కోడిగుడ్డు ఉడకబెట్టడం కూడా ఈ వయసులోనే నేర్చుకున్నాను, మొదటిది పగిలి నీళ్ళపాలైంది.

గంట తర్వాత తీస్తే చెంచా నల్లగా ఉంది. కోడిగుడ్డు తిని ఎవరూ చావలేదు.

ముగ్గుపిండి పెట్టి తోమేను. మళ్ళీ తెల్లబడింది. ఏమీ జరగనట్టు మెరుస్తోంది. దాన్ని చూస్తుంటే నాకు భయం వేసింది ప్రశాంతీ. ఎందుకని అడక్కు.

నువ్వడిగిన పని కూడా మొదలుపెట్టేను. గట్టు మీద తవ్వితే వేరులాంటి కాడ మూరెడు లోతుకి, చెదల గూడు దాకా దిగింది. ఇన్నేళ్ళు తిన్నాం గానీ అది అంత లోతు నుంచి వస్తుందని నాకు తెలియదు. నీ కాగితాల గోల నాకు కుదరక, గొడుగే అట్టపెట్టెలో పెట్టి రిజిస్టరు పార్సిలు చేసేను. రమణ వాసన చూసి "మాస్టారూ, ఇది పోస్టండీ, చేపల మార్కెట్టు కాదండీ" అన్నాడు. బెంచీ ఎక్కమన్నాను.

మామయ్య


చింతపల్లి,
14 ఆగస్టు 2025.

మామయ్యగారికి,

పార్సిలు అందింది. ఆరు రోజులు ప్రయాణం చేసి నల్లటి గుజ్జయి, పురుగులతో సహా దిగింది. స్టాఫ్ రూములో విప్పాను. తెలుగు టీచరు కుర్చీ ఎక్కేశారు. నేను నవ్వాను. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. నేను నవ్వగా ఇక్కడెవరూ చూడలేదట, పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. ఆ నవ్వు ఏడుపుగా ఎప్పుడు మారిందో నాకు తెలియదు. పార్సిలు మీద మీ చేత్తో రాసింది చూశాను. "జాగ్రత్త, లోపల ప్రాణమున్నది."

ఆ ఆదివారానికి ఇవాళ్టితో మూడేళ్ళు.

మామయ్యగారూ, ఒకటి సూటిగా అడుగుతాను. మీరు కావాలని ఆలస్యం చేస్తున్నారా? కాగితం మీద గొడుగు బోర్లించడం హెడ్మాస్టరుగారికి కుదరని పనేమీ కాదు. నా గట్టుదే ఆ పాడు గొడుగని మీకు ముందే తెలుసా? తెలిసి నన్ను కాపాడుతున్నారా? వరద నీళ్ళని, ఇంకేదో అని అందుకేనా రాసింది? అలాగైతే కాపాడొద్దండీ. నేను పడతాను. నిజం చెప్పేయండి చాలు.

ప్రశాంతి


లంక,
30 ఆగస్టు 2025.

ప్రశాంతికి,

రెండు కాగితాలు పంపుతున్నాను. వెనక పేర్లు రాసేను. రెండూ గులాబీ రంగే. నువ్వూ కాదు, మీ అత్తయ్యా కాదు.

ఇక ఈ సంగతి వదిలెయ్యి.

మామయ్య


చింతపల్లి,
10 సెప్టెంబరు 2025.

మామయ్యగారికి నిండా వందనాలు.

కాగితాలు అందిన సాయంత్రమే పట్టుకుని పరిగెత్తాను. హరిబాబు గారు భూతద్దంతో చూశారు, కాగితం పక్కన మీరు గీసిన బొమ్మ చూశారు. కాడ మీద ఉంగరం లేదు, అడుగున పొడుగాటి వేరు, కింద చెదల గూడు. రెండూ పుట్ట మీది మంచి గొడుగులేనన్నారు. అయినా తినమని మాత్రం చెప్పనన్నారు, ఆయన పద్ధతి అది.

నేను కాదు. ఆవిడా కాదు. మూడేళ్ళుగా ఒకరి చెయ్యి ఒకరం చూడలేక బతికాం. ఈ రెండు కాగితాలూ వెనక్కి పంపుతున్నాను, అత్తయ్యగారికి చూపించండి. దాచకండి. కావాలంటే నేనే వచ్చి చూపిస్తాను. ఆవిడ మళ్ళీ తన పుట్ట దగ్గరకు వెళ్ళాలి.

మీ ఉత్తరం ఎందుకంత పొట్టిగా ఉంది? నా మీద కోపమా? నన్ను కాపాడుతున్నారా అని నిలదీసినందుకా? క్షమించండి. ఆ రోజు తారీఖు అలాంటిది.

ఒక్కటి మాత్రం మిగిలింది. మా ఇద్దరివీ మంచివే అయితే బుట్టలోకి ఆ పాడు గొడుగు ఎక్కడి నుంచి వచ్చింది? బాగా గుర్తు చేసుకున్నాను. నేను మసాలా నూరి వచ్చేసరికి బుట్టలో పైన కొన్ని గుడ్డులా ముడుచుకున్న తెల్లటివి ఉన్నాయి, పొట్టికాడవి. అత్తయ్యగారివి అనుకున్నాను. ఆవిడ నావి అనుకుని ఉంటారు. ఎవరి చోటు వాళ్ళు చెప్పకూడదు కాబట్టి నేను అడగలేదు, ఆవిడా అడగలేదు. ఆ పొద్దున అరుగు మీదికి ఎవరైనా వచ్చారా? అనితావాళ్ళు ఏమైనా ఇచ్చి వెళ్ళారా? మీరు చర్చి నుంచి వచ్చి అక్కడే కూర్చున్నారు కదా, మీకు తెలిసి ఉండాలి.

ప్రశాంతి


లంక,
29 సెప్టెంబరు 2025.

అమ్మా ప్రశాంతీ,

ఈ ఉత్తరం రెండు వారాలుగా రాస్తున్నాను. చింపిన కాగితాలు పొయ్యిలో వేసేను.

ఆ పొద్దున అరుగు మీదికి ఎవరూ రాలేదు. నేనే.

ఆరాధన అయ్యేక అలవాటు ప్రకారం చర్చి వెనక మా అమ్మ సమాధి దగ్గరకు వెళ్ళేను. గడ్డిలో తెల్లగా, గుండ్రంగా, అప్పుడే మొలిచినవి కనబడ్డాయి. ముందురోజు ప్రేమ్ "కిందటేడు కూర చాల్లేదు నాన్నా, ఈసారి రెండు ముద్దలు ఎక్కువ తినాలి" అన్నాడు. వాడు ఒకటి కావాలని అడగడం అరుదు. ఏడు ఏరేను. రుమాల్లో మూటగట్టుకొచ్చి, మీరిద్దరూ లోపల ఉండగా బుట్టలో పోసేను. చోటు చెప్పకూడదు కదా, అందుకని వాటి మాటే ఎత్తలేదు. మా అమ్మే పంపిందనుకున్నాను, పిచ్చివాణ్ణి. తర్వాత నేనే చెంచా తిప్పేను, నేనే తినండి అన్నాను.

వాడు పోయిన రోజే నా గుండెలో పడింది. కానీ చెంచా తెల్లగా ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ చెంచా పట్టుకునే మూడేళ్ళు బతికేను. నువ్వు కోడిగుడ్డు అని రాసి దాన్ని నా చేతిలోంచి లాగేసేవు. నీ తప్పు కాదు.

ఆగస్టు ఆఖరున నేను తీసింది రెండు కాగితాలు కాదు, మూడు. మూడు గిన్నెలు బోర్లించేను. మూడోది మా అమ్మ సమాధి దగ్గరిది. రెండు పంపి మూడోది బైబిలులో పెట్టేను. ఇప్పుడు ఇందులో పెడుతున్నాను. పాచి రంగు. నువ్వు నేర్పినట్టే తవ్వి చూసేను. కింద పుట్ట లేదు, వేరు లేదు, కాడకి ఉంగరముంది, వేలితో తోస్తే పైకీ కిందికీ జరుగుతోంది. ఇవన్నీ ఆ రోజు కూడా ఉండే ఉంటాయి. నేను చూడలేదు.

ప్రేమ్‌ని మా అమ్మ పక్కనే పెట్టేం. ఇప్పుడా గొడుగులు వాడి చుట్టూ మొలుస్తున్నాయి. మీ అత్తయ్య రోజూ చీపురుతో ఊడ్చేవి అవే. ఆవిడకి తెలియదు. నేను అరుగు మీద కూర్చుని ఆవిడ వచ్చే దారి చూస్తుంటాను, ఆవిడ చేతులు కడుక్కోవడానికి నీళ్ళు తోడి పెడతాను.

నిన్ను కాపాడుతున్నానా అని అడిగేవు. నేను కాపాడుకున్నది నన్ను. ఆవిడ నీ చెయ్యి పట్టుకుని ఆ మాటన్నప్పుడు నేను నీకు బెత్తెడు దూరంలో ఉన్నాను. అప్పటికి నాకు చెవులు బాగానే వినబడేవి.

ఏం శిక్ష వేస్తావో వెయ్యి.

దేవసహాయం


చింతపల్లి,
15 అక్టోబరు 2025.

మామయ్యగారికి,

మూడో కాగితం ఎవరికీ చూపించలేదు. హరిబాబు గారికి కూడా.

మీరు ఏరినందుకు నాకు కోపం లేదు. నమ్మండి. లేతగా ఉన్నవాటిని చూసి నేనైనా ఏరేదాన్నే. కిందటి ఆదివారం కూడా నేను మంచిదని చూపించింది హరిబాబు గారు పక్కన పెట్టించారు. పొరపాటు ఎవరి చేతికైనా వస్తుంది.

ఆ ఏడిటి గురించి మీరు అరుగు మీదే ఒక్క మాట చెప్పి ఉంటే నేను తీసి పక్కన పెట్టేదాన్నో లేదో తెలియదు. కానీ సమాధి దగ్గర చెప్పి ఉంటే నేను ఆయనకి పిడికెడు మట్టి వేసేదాన్ని. అది ఎవరు తెచ్చిస్తారండీ నాకు? మూడేళ్ళు మీ భార్య నన్ను హంతకురాలనుకుంటూ పడుకున్నారు, లేచారు. నేనూ అనుకున్నాను. మీరు ఇద్దరినీ చూస్తూ ఊరుకున్నారు. నాన్న లేని నేను మిమ్మల్ని నాన్నా అని పిలవాలనుకునేదాన్ని, సిగ్గుపడి మామయ్యగారూ అనేదాన్ని. పిలవకపోవడమే మంచిదైంది.

అత్తయ్యగారికి నేను చెప్పను. ఆ కాగితం ఇదే కవర్లో తిరిగి పంపుతున్నాను. అది మీ నోటితో చెప్పాల్సిన మాట. చెప్పినా చెప్పకపోయినా, నవంబరు రెండున సమాధుల పండుగకి నేను వస్తున్నాను. ఆదివారం పొద్దున మొదటి పంటుకి దిగుతాను. ఆ రోజు నా చెయ్యి ఎవరూ పట్టుకోకుండా చూడండి.

ప్రశాంతి


లంక,
24 అక్టోబరు 2025.

అమ్మా ప్రశాంతీ,

చెప్పేను.

నిన్న మధ్యాహ్నం అరుగు మీద మీ అత్తయ్య బియ్యం ఏరుతోంది. మూడు కాగితాలూ ఆవిడ ముందు పరిచేను. నీ ఉత్తరాల్లో ఉన్నట్టే, ఇది ప్రశాంతిది, ఇది నీది, ఇది నాది అని చూపించేను. బడిలో పాఠం చెప్పినట్టు మొదలుపెట్టేను, రుమాలు దగ్గరకు వచ్చేసరికి అది కుదరలేదు. అయినా ఆపలేదు. మొత్తం చెప్పేను. వాడు రెండు ముద్దలు ఎక్కువ అడిగింది కూడా.

ఆవిడ చేతులు చేటలోనే ఉండిపోయేయి. నా మొహంలోకి చూసి ఏదో అంది. పెదాలు కదిలేయి గానీ నాకు వినబడలేదు. పలక తెచ్చి ముందు పెట్టేను. రాయలేదు. మళ్ళీ చెప్పమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అది ఏ మాటో నాకు ఎప్పటికీ తెలియదు, తెలియకపోవడమే నాకు తగిన శాస్తి.

తర్వాత లేచి అటక మీంచి ఆ పాత బుట్ట దింపింది. మూడేళ్ళుగా దాన్ని ముట్టలేదు. ఎండలో పాక వెనక్కి వెళ్ళింది, నీ గట్టు మీది పుట్టమన్ను తవ్వి పోసుకుంది. అక్కణ్ణించి లంకచేను దాకా నడిచింది. తన పుట్టమన్నూ అందులోనే పోసింది. నేను వెనకాలే వెళ్ళేను గానీ సాయం పట్టనివ్వలేదు. బుట్ట తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, పైన తన చీరచెంగు చింపి కప్పింది.

ఇవాళ పొద్దున పలక మీద రాసింది. "ప్రశాంతిని రమ్మనండి. మట్టి దాని చేతిలో నేనే పోస్తాను." కింద నాకోసం ఏమైనా ఉందేమోనని చూసేను. లేదు. అన్నం పెడుతోంది, నీళ్ళు పెడుతోంది, పలక మీద మాత్రం ఏమీ రాయడం లేదు.

చెంచా ఏటిలో వేసేను. మా అమ్మ గుర్తుగా అది ఒక్కటే మిగిలింది నాకు. పోనీ.

రెండో తారీఖున రేవుకి మీ అత్తయ్య వస్తుంది. నేను రాను. నేను చర్చి వెనక గేటు బయట నిలబడి ఉంటాను. వాడి దగ్గర మీ ఇద్దరి పనీ అయ్యేక, నన్ను లోపలికి రానివ్వాలని మీలో ఎవరికైనా అనిపిస్తే వస్తాను. అనిపించకపోతే ఇంటికి వెళ్ళి అన్నం వార్చి ఉంచుతాను, ఇప్పుడు ఆ పనీ వచ్చు.

పిలిస్తే నాకు వినపడదు తల్లీ. చెయ్యి ఊపాలి.

దేవసహాయం